ముందు తిరగలి, తర్వాత యంత్రం

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17న మనం ఎందుకు కలుసుకుంటామో అందరికీ తెలిసినదే. 1982లో అదే రోజున నకారా కేసులో సుప్రీంకోర్టు, పెన్షన్ అనేది దయతలచి ఇచ్చే దానం కాదని, చేసిన సేవకు దక్కే హక్కని తేల్చి చెప్పింది. బకాయిల గురించీ, వైద్య ఖర్చుల గురించీ నాకంటే బాగా తెలిసినవారు ఇంతకుముందే మాట్లాడారు. కార్యవర్గంవారు నాకిచ్చిన అంశం చిన్నది. ఇంట్లో ఎస్ప్రెసో కాఫీ యంత్రం, గింజలు పొడిచేసే గ్రైండరు కొనదలచినవారు తక్కువ ఖర్చులో వాటిని ఎలా ఎంచుకోవాలి అన్నది.

పెన్షనర్లకు ఎస్ప్రెసో ఏమిటని కొందరు నవ్వుకోవచ్చు. కానీ గత రెండేళ్లలో ఈ విషయం నన్నడిగినవారు పదిమందికి తక్కువ లేరు. ఒకరు అమెరికాలో కొడుకు ఇంట్లో ఆరు నెలలుండి ఆ రుచి మరిగి వచ్చారు. ఇంకొకరికి పదిహేనేళ్లు నిండి కమ్యుటేషన్ రికవరీ ఆగి, చేతికి నాలుగు డబ్బులు ఎక్కువ వస్తున్నాయి. హక్కుగా వచ్చిన సొమ్మును మనకోసం ఖర్చు పెట్టుకోవడంలో తప్పేమీ లేదు. తెలియక ఖర్చు పెడితేనే నష్టం. ఆఫీసులో ఒక ఫ్యాను కొనాలంటే ఇండెంటు పెట్టాం, మూడు కొటేషన్లు పిలిచాం, కంపారిటివ్ స్టేట్‌మెంటు తయారుచేశాం. ఇంటికి ముప్పై వేల వస్తువు కొనేటప్పుడు మాత్రం ఫోనులో బొమ్మ చూసి బొత్తాం నొక్కేస్తున్నాం. అందుచేత ఈ ఫైలును కూడా పద్ధతి ప్రకారమే నడిపిద్దాం.

మొదట, ఎస్ప్రెసో అంటే ఏమిటి? సన్నగా పొడిచేసి గట్టిగా అదిమిన కాఫీ గుండా 90 నుంచి 96 డిగ్రీల వేడినీటిని సుమారు 9 బార్ల ఒత్తిడితో పంపి, 25–30 సెకన్లలో దింపిన చిక్కటి కాఫీ. 9 బార్లంటే మామూలు గాలి ఒత్తిడికి తొమ్మిది రెట్లనుకోండి. ఇటలీలో బెజ్జెరా అనే ఆయన 1901లో ఆవిరితో పనిచేసే యంత్రానికి పేటెంటు తీసుకున్నారు. ఆవిరికి బదులు మీట నొక్కి ఎక్కువ ఒత్తిడి తెచ్చే యంత్రాలు గాజియా అనే ఆయన పేరుతో 1948లో వచ్చాయి. కాఫీ మీద తేలే బంగారు రంగు నురుగు అప్పటినుంచే. దాన్ని క్రేమా అంటారు.

మన పెళ్లిళ్లలో బుస్సుబుస్సుమంటూ పెద్ద స్టీలు యంత్రంతో ఇచ్చే కాఫీని మనవాళ్లు ఎక్స్‌ప్రెసో అని పిలవడం అలవాటు. అందులో సాధారణంగా జరిగేది ఇన్‌స్టంట్ పొడి, పాలు, పంచదార కలిపి ఆవిరి వదలడమే. అది రుచిగా ఉండదని నేననను. ఆ రుచే కావాలంటే మాత్రం ముప్పై వేల యంత్రం అక్కరలేదు, ఒక సీసా ఇన్‌స్టంట్ పొడి చాలు.

కాబట్టి ఇండెంటు మీద మొట్టమొదట రాసుకోవలసిన ప్రశ్న, మనం తాగేది ఏ కాఫీ? ఇత్తడి ఫిల్టరులో పొడి వేసి, మరిగిన నీళ్లు పోసి, డికాషన్ దిగాక చిక్కటి పాలు కలుపుకునే కాఫీయే ప్రాణమైతే, ఎస్ప్రెసో యంత్రం ఆ కాఫీని ఇవ్వదు. ఫిల్టరులో నీరు తన బరువుకు తాను చుక్కచుక్కగా దిగుతుంది. యంత్రంలో నీటిని నెట్టి పంపుతారు. రెండిటి రుచీ వేరు. డికాషన్ మనుషులు యంత్రం మాట మరచిపోయి, నేను ఇప్పుడు చెప్పబోయే గ్రైండరు సంగతి మాత్రం వినండి. అది వారికీ పనికివస్తుంది.

నేను ఈ రోజు చెప్పదలచుకున్న అసలు మాట ఇదే. డబ్బు ముందు గ్రైండరు మీద పెట్టండి, ఆ తర్వాతే యంత్రం మీద. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. యంత్రం వంటింట్లో మెరుస్తూ నలుగురికీ కనిపిస్తుంది. గ్రైండరు మూల ఉంటుంది. అందుకని ఉన్న డబ్బంతా యంత్రానికి పోసి, గింజల్ని మిక్సీలో వేస్తారు.

మిక్సీలో ఏమవుతుందో మన ఆడవాళ్లకు నేను చెప్పనక్కరలేదు. బ్లేడు తగిలిన గింజ మళ్లీ మళ్లీ తగిలి దుమ్మవుతుంది, తగలని గింజ పలుకుగా మిగులుతుంది. దుమ్ములోంచి చేదు ఎక్కువ దిగుతుంది, పలుకులోంచి సారం సరిగా దిగక పులుపు వస్తుంది. ఒకే కప్పులో రెండూ కలుస్తాయి. ఫిల్టరులో నీరు పావుగంట నిదానంగా దిగుతుంది కనుక ఈ తేడా కొంత సర్దుకుంటుంది. ఎస్ప్రెసోలో ఉన్నదే అర నిమిషం. పైగా ఒత్తిడితో వచ్చే నీరు సందు దొరికినచోట దూరి పారిపోతుంది. మిగతా పొడి అలాగే ఉండిపోతుంది.

దీనికి మందు మన ఇళ్లలో ఎప్పటినుంచో ఉన్నదే, తిరగలి. రెండు రాళ్ల మధ్య ఎంత సందు ఉంటే అంత సైజు రవ్వ పడుతుంది. సందు తగ్గిస్తే పిండి అవుతుంది. బర్ గ్రైండరు అనేది ఉక్కుతోనో, పింగాణీ జాతి పదార్థంతోనో చేసిన చిన్న తిరగలి, అంతే. మన తాతల ఇళ్లలో బల్లకు బిగించి పిడి తిప్పే కాఫీ మర ఈ జాతిదే. కనుక అట్టపెట్టె మీద కాఫీ గ్రైండరు అని రాసి ఉన్నంతమాత్రాన సరిపోదు. లోపల బ్లేడుందా, తిరగలి ఉందా అన్నది చూడాలి.

రెండో పరీక్ష, సందు ఎంత సూక్ష్మంగా మార్చవచ్చు? ఎస్ప్రెసోకు ఇది ముఖ్యం. వెయ్యి, రెండు వేలకు దొరికే చేతి గ్రైండర్లు ఫిల్టరు కాఫీకి చాలు. ఎస్ప్రెసోకు ఒక మెట్టు బిగిస్తే నీరు దిగదు, ఒక మెట్టు వదిలితే వరదలా దిగుతుంది. మధ్యలో మెట్టు ఉండదు. ఎస్ప్రెసోకు పనికివచ్చే చేతి గ్రైండరుకు సుమారు ఐదారు వేలనుంచి, కరెంటుతో నడిచేదానికి సుమారు పది పన్నెండు వేలనుంచి లెక్క వేసుకోవాలి. పండగ సేళ్లను బట్టి ధరలు మారుతుంటాయి గనుక వీటిని ఎస్టిమేటుగానే తీసుకోండి. అదే డబ్బుకు చేతి గ్రైండరులో మంచి తిరగలి వస్తుంది. మోటారు ఖర్చు ఉండదు గనుక డబ్బంతా తిరగలికే పోతుంది. అయితే 18 గ్రాముల గింజల్ని సన్నగా పొడి చేయాలంటే నిమిషం పైగా బలంగా తిప్పాలి. వేళ్ల కీళ్లనొప్పులు, భుజం పట్టేయడం ఉన్నవారు చేతి గ్రైండరు జోలికి పోవద్దు.

ఇక యంత్రం. దుకాణంలో ముఖ్యంగా రెండు రకాలు చూపిస్తారు. ఒకటి ఆవిరి రకం, నాలుగైదు వేలకు దొరుకుతుంది. ఇందులో పంపు ఉండదు. మూతబిగించిన పాత్రలో నీరు మరిగి, ఆ ఆవిరి నెట్టుడుకే కాఫీ దిగుతుంది. ఒత్తిడి చాలదు, వేడి ఎక్కువ. అలాంటి కాఫీయే కావాలంటే ఇటలీవారి మోకా పాట్ అంతకంటే చవక, చెడిపోయే భాగాలు తక్కువ. బియాలెట్టి కంపెనీ 1933లో తెచ్చిన ఆ అల్యూమినియం పాత్ర నేటికీ అదే ఆకారంలో దొరుకుతున్నది. నీరు పక్కనున్న సేఫ్టీ వాల్వుకు కిందనే ఉండాలి, మంట సన్నగా ఉండాలి. ఇండక్షన్ పొయ్యి ఉన్నవారు స్టీలు రకం తీసుకోవాలి.

రెండోది పంపు రకం. ఎస్ప్రెసో అనదగిన కాఫీ ఇందులోనే వస్తుంది. దీని పెట్టె మీద 15 బార్లు, 20 బార్లు అని పెద్ద అక్షరాలతో వేస్తారు. అది పంపు చేయగల గరిష్ఠ ఒత్తిడి మాత్రమే. కాఫీకి కావలసింది సుమారు 9. కనుక 20 అని ఉన్నదానికి ఎక్కువ డబ్బు ఇవ్వనక్కరలేదు.

అడగవలసిన సంగతి వేరే ఉంది. పొడి వేసే చిన్న జల్లెడ గిన్నె ఒంటి గోడదా, జంట గోడదా? జంట గోడ గిన్నెకు అడుగున ఒకే సన్నని రంధ్రం ఉంటుంది. పొడి ఎలా ఉన్నా ఆ రంధ్రమే ఒత్తిడి తెచ్చి నురుగు పుట్టిస్తుంది. మంచి గ్రైండరు లేనివారికి అది సదుపాయమే, కానీ ఆ నురుగు చూసి కాఫీ గొప్పదనుకోకూడదు. మంచి గ్రైండరు ఉన్నవారికి ఒంటి గోడ గిన్నె కావాలి. కొన్ని యంత్రాలతో అది రాదు, విడిగా కొనాలి. దొరుకుతుందో లేదో యంత్రం కొనకముందే కనుక్కోండి. డెలాంగి వారి డెడికా వెడల్పు సుమారు 15 సెంటీమీటర్లే, చిన్న వంటింటికి అనువు. దాని గిన్నె 51 మిల్లీమీటర్లది. 1991లో వచ్చిన గాజియా క్లాసిక్ వంటివాటికి హోటలు యంత్రాల్లో లాగా 58 మిల్లీమీటర్ల గిన్నె ఉంటుంది, విడిభాగాలు సులువుగా దొరుకుతాయి, ధర ఎక్కువ.

పిల్లలు అమెరికాలో ఉన్నవారు ఈ మాట తప్పక గమనించాలి. అక్కడి కరెంటు 120 వోల్టులు, మనది 230. అక్కడి యంత్రాన్ని సూట్‌కేసులో తెచ్చి ఇక్కడ ప్లగ్గులో పెడితే కాలిపోతుంది. తగ్గించే ట్రాన్స్‌ఫార్మరు పెట్టాలంటే వెయ్యి, పదిహేను వందల వాట్లకు సరిపోయేది కావాలి. అది యంత్రమంత బరువుంటుంది. పైగా అక్కడి గ్యారంటీ సాధారణంగా ఇక్కడ చెల్లదు. ‘‘నాన్నా, సేల్లో సగం ధరకు వచ్చింది, తెస్తున్నా’’ అని ఫోను వస్తే, యంత్రం వద్దని, ఇవ్వాలనే ఉంటే మంచి చేతి గ్రైండరు తెమ్మని చెప్పండి. దానికి ఏ దేశపు కరెంటుతోనూ పని లేదు.

ఇక బడ్జెటు. మూడు స్లాబులుగా చెబుతాను.

మొదటిది ఐదు వేల లోపు. ఇంట్లో ఉన్న ఇత్తడి ఫిల్టరుకు గానీ, కొత్తగా కొన్న మోకా పాట్‌కు గానీ, రెండు వేల లోపు చేతి గ్రైండరు తోడు చేసుకోవడం. సగానికి సగం మందికి ఇదే చాలునని నా అభిప్రాయం.

రెండోది పదిహేను వేలు. ఇందులో ఏడు వేలు ఎస్ప్రెసోకు పనికివచ్చే చేతి గ్రైండరుకు, ఎనిమిది వేలు చిన్న పంపు యంత్రానికి. యంత్రం రేపు మార్చుకున్నా గ్రైండరు మార్చనక్కరలేదు.

మూడోది ముప్పై ఐదు వేలు. యంత్రానికి ఇరవై, కరెంటు గ్రైండరుకు పన్నెండు, గ్రాములో పదోవంతు చూపే తూకానికీ, పొడి అదిమే దిమ్మకూ రెండు, మొదటి నెల గింజలకు వెయ్యి. ఈ లెక్కలో గ్రైండరు వాటా మూడో వంతుకు తగ్గకుండా చూసుకోండి.

ఇదంతా నాన్-రికరింగ్ ఖర్చు. రికరింగ్ సంగతి ఎవరూ చెప్పరు. రెండు కప్పులకు సరిపడా ఒకసారి వేసే పొడి 18 గ్రాములు. గింజలు కిలో రెండు వేలనుకుంటే, ఒక్కోసారికి 36 రూపాయలు. భార్యాభర్తలిద్దరూ రోజుకు చెరొక పూర్తి మోతాదు తాగితే నెలకు కిలో పైచిలుకు, అంటే 2,160 రూపాయలు. ఒకే మోతాదును ఇద్దరికీ పంచి పాలు కలుపుకుంటే 1,080. ఏడాదికి 12,960. మూడేళ్లలో యంత్రం, గ్రైండరు ధరను గింజలే దాటిపోతాయి. యంత్రానికి పొదుపు చేసిన డబ్బు ఉన్నా, నెలనెలా గింజలకు పెన్షన్లో చోటు లేకపోతే మొదటి స్లాబు దగ్గరే ఆగండి. కరెంటు ఖర్చు భయపెట్టేది కాదు. 1,300 వాట్ల యంత్రం ఐదు నిమిషాలు నడిస్తే యూనిట్లో పదోవంతు. అయితే ఎర్తింగు ఉన్న పవర్ ప్లగ్గులోనే పెట్టాలి, ఇన్వర్టరు మీద నడపకూడదు.

గింజల విషయానికి వస్తే, ప్యాకెట్టు మీద వేయించిన తేదీ చూడండి. వేయించిన వారం నుంచి నెలా నెలన్నర లోపు వాడుకోవాలి. పావు కిలోకు మించి ఒకేసారి కొనవద్దు. చికోరీ కలిపిన పొడిని ఎస్ప్రెసో యంత్రంలో వేయకండి, జిగురుగా పట్టేసి జల్లెడ మూసుకుపోతుంది. మన చట్టం ప్రకారం కాఫీ-చికోరీ మిశ్రమంలో కాఫీ కనీసం 51 శాతం ఉండాలి. మిగతాది చికోరీ కావచ్చు, కనుక లేబుల్ చదవండి. మన అరకు అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు దక్కింది. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ అక్కడి గిరిజన రైతుల దగ్గర కాఫీ కొని అమ్ముతున్నది. ఎస్ప్రెసోకు కాస్త ముదురుగా వేయించినవి మొదట్లో సులువు. నురుగు బాగా కావాలనేవారు కొంచెం రోబస్టా కలిసినవి తీసుకోవచ్చు. మన దేశపు కాఫీని ఎక్కువగా కొనే దేశం ఇటలీయే. వారి ఎస్ప్రెసోలో మన గింజ ఉంది గనుక మనం తక్కువవాళ్లమేమీ కాదు.

చేసే పద్ధతి రెండు ముక్కల్లో. 18 గ్రాముల పొడి వేసి, 36 గ్రాముల కాఫీ 25–30 సెకన్లలో దిగేలా చూడాలి. పది పన్నెండు సెకన్లలోనే దిగిపోతే తిరగలి కొంచెం బిగించాలి. చుక్కచుక్కగా ఈడిస్తే వదలాలి. ఒకసారికి ఒక్కటే మార్చండి. నాలుగు రోజులు చిన్న నోటుబుక్కులో రాసుకుంటే కుదిరిపోతుంది. బోరు నీళ్లు గట్టివైతే లోపల సున్నం పేరుకుంటుంది. ఫిల్టరు చేసిన నీళ్లు వాడి, యంత్రంతో వచ్చిన పుస్తకంలో చెప్పినట్టు సున్నం కడగాలి.

ఆరోగ్యం గురించి కూడా మనవి చేయాలి. 18 గ్రాముల మోతాదులో కెఫీన్ ఇంచుమించు 120 మిల్లీగ్రాములు ఉంటుంది. ఆరోగ్యవంతులైన పెద్దలకు రోజుకు 400 వరకు ఫరవాలేదని యూరపు ఆహార భద్రతా సంస్థ 2015లో చెప్పింది. కానీ మనలో బి.పి., గుండె దడ, నిద్రలేమి లేనివారు ఎందరు? మీ డాక్టరును అడిగి లెక్క పెట్టుకోండి, మధ్యాహ్నం దాటాక మానేయండి. థైరాయిడ్ మాత్రను కాఫీతో వేసుకోకూడదు, మాత్ర ఒంటికి సరిగా పట్టదు. మధ్య అరగంట నుంచి గంట ఎడం ఉండాలి.

చివరగా ఒక కష్టమైన మాట చెప్పాలి. మన తరంలో కాఫీ పెట్టేది ఒకరు, తాగేది ఇంకొకరు. భార్య పోయాక పొద్దున్నే కాఫీ కోసం వీధి చివర బడ్డీ దాకా నడిచే మిత్రులు మనలో ఉన్నారు. భర్త ముచ్చటపడి కొన్న యంత్రాన్ని ఎలా ముట్టుకోవాలో తెలియక గుడ్డ కప్పి ఉంచిన సోదరీమణులూ ఉన్నారు. కాబట్టి కొనేటప్పుడు ఇద్దరూ కలిసి దుకాణానికి వెళ్లండి. పొడి నింపిన పిడిని యంత్రానికి బిగించాలంటే మణికట్టు బలం కావాలి. అది ఇద్దరికీ సాధ్యమేనా? నీళ్ల తొట్టి ఎత్తి పెట్టగలరా? చేయి వణికేవారికి ఆవిరి గొట్టం దగ్గర కాలే ప్రమాదముంది. దానికదే ఆగిపోయే స్విచ్చు ఉందా? సర్వీసు మన ఊళ్లోనే దొరుకుతుందా? ఇంటికి తెచ్చాక, వాపసు గడువు పూర్తికాకముందే, ఇద్దరూ విడివిడిగా, పక్కవారి సాయం లేకుండా ఒక్కో కప్పు చేసి చూడాలి. ఇద్దరిలో ఒక్కరికి చేతకాకపోయినా, ఎంత మంచి యంత్రమైనా సరే, వాపసు చేసి మొదటి స్లాబుకు రండి. ఇత్తడి ఫిల్టరు ఎవరికైనా లొంగుతుంది.

బయట రిజిస్ట్రేషన్ బల్ల మీద మా ఇంటి చేతి గ్రైండరు, కొన్ని అరకు గింజలు ఉంచాను. భోజనాలయ్యాక వచ్చి, మీ చేత్తో, మీ ఇంట్లోవారి చేత్తో కూడా తిప్పించి చూడండి. తిప్పగలరో లేదో తెలిశాకే డబ్బు మాట. సెలవు.